పగలగొట్టలేదు, తెరిచాను

న్యాయ సహాయ అధికారి గారి సముఖమునకు,
బజారు మూల మీద తాళాల బడ్డీ పెట్టుకొని బతుకుచున్న మేస్త్రి వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా మీద మోపిన నేరము ఏమిటో, దానికి శిక్ష ఎంతో, వచ్చే సోమవారం కోర్టులో నేను ఏమని చెప్పవలెనో తెలియజేయమని కోరుట గురించి.

1. నేను ఇరవై ఆరు సంవత్సరములుగా తాళములు బాగుచేయు వృత్తిలో ఉన్నాను. గత నెల పదకొండవ తేదీ మధ్యాహ్నం ఒక ఆడమనిషి పరుగున నా బడ్డీ వద్దకు వచ్చి, "అన్నా, తాళంచెవి లోపలే పెట్టి తలుపు లాగేశాను. స్టవ్ మీద పాలున్నాయి, తొందరగా రా అన్నా" అని పిలిచినారు. ఆమె కాళ్లకు చెప్పులు కూడా లేవు. అన్నా అని పిలిచిన మనిషిని ఇంటి కాగితాలు చూపించమని ఏ నోటితో అడగను? వెళ్లి తెరిచినాను. స్టవ్ మీద పాలు లేవు. ఆమె బీరువాలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసుకుని, నాకు దణ్ణం పెట్టి వెళ్లిపోయినారు. ఆ ఇల్లు ఆమెను బయటికి గెంటిన భర్తదని, కవరులో ఉన్నవి వాళ్ల అమ్మాయి బడి సర్టిఫికెట్లని నాకు పోలీసు స్టేషనులోనే తెలిసినది.

2. సదరు భర్త ఫిర్యాదు మేరకు ఆమె మొదటి ముద్దాయి, నేను రెండవ ముద్దాయి అయినాము. కేసు కాగితంలో మూడు సెక్షన్ల అంకెలు ఉన్నవి. వాటి అర్థం అడగగా, నాకు కేటాయించిన ప్లీడరు గారి గుమాస్తా "ఏడేళ్లు పడొచ్చు" అన్నారు. టీ కొట్టు ఆయన "జరిమానా కట్టించి పంపేస్తారులే" అన్నాడు. నా బామ్మర్దికి తెలియని విషయం లోకంలో లేదు. "మొదటిసారి కదా బావా, మందలించి వదిలేస్తారు" అని అభయమిచ్చినాడు. అతను పుట్టి బుద్ధెరిగి కోర్టు గడప తొక్కలేదు. ఏడేళ్లకూ మందలింపుకూ మధ్య ఎక్కడ ఉన్నానో తెలియక అన్నం సహించడం లేదు.

3. నా వల్ల జరిగిన పొరపాటు కూడా దాచకుండా విన్నవించుకొనుచున్నాను. స్టేషనులో ఎస్సై గారు "తాళం పగలగొట్టావా?" అని గద్దించినారు. నాకు రోషం వచ్చినది. "పగలగొట్టేది పని రానివాడు సార్. నేను గీత కూడా పడకుండా తెరిచాను, కావాలంటే వెళ్లి చూసుకోండి" అన్నాను. రాసుకునే ఆయన అంతా రాసి సంతకం పెట్టమన్నారు. చదివితే, "ఎంతో నేర్పుతో, ఆనవాలు మిగలకుండా తాళము తెరచినట్లు అంగీకరించినాడు" అని ఉన్నది. ఇన్నేళ్లలో నా పనిని ఎవరూ అంత బాగా మెచ్చుకోలేదండీ. సంతోషంగా సంతకం పెట్టాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, నన్ను మాత్రం నా నోరే ముంచింది. పోలీసుల ముందు చెప్పినది చెల్లదని తరవాత ప్లీడరు గారు అన్నారు. చెల్లనిదానికి సంతకం ఎందుకు పెట్టించుకున్నారో చెప్పలేదు.

4. బెయిలు కాగితంలో "ఇటువంటి పని మరల చేయరాదు" అని షరతు పెట్టినారు. ఎటువంటి పని? ముక్కూ మొహం తెలియని వాళ్ల తాళం తీయడమా, అసలు తాళమే తీయకూడదా? కోర్టు గుమాస్తాను అడిగితే "అది నీకే తెలియాలి" అన్నారు. భయపడి బడ్డీ మూసుకున్నాను. మొన్న మా వీధి చివర పెద్దమ్మ గారి బీరువా బిగుసుకుపోయి బీపీ మాత్రలు లోపల ఉండిపోయినవి. నేను చేతులు కట్టుకొని నిలబడ్డాను. వాళ్లబ్బాయి సుత్తితో పగలగొట్టినాడు. ఆ చప్పుడుకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

5. సోమవారం జడ్జి గారు "నేరం ఒప్పుకుంటావా?" అని అడుగుతారట. ప్లీడరు గారు కోర్టు మెట్లు దిగుతూ, "ఒప్పేసుకో, ఆ రోజే ఇంటికి పోతావు. లేదంటే ఏళ్ల తరబడి వాయిదాలకు తిరుగుతావు" అన్నారు. ఒప్పుకుంటే ఇంటికి పోతాను సరే. నేరస్తుడని ముద్ర పడిన తాళాల మేస్త్రిని ఆపైన ఎవరు గుమ్మం ఎక్కనిస్తారు? ఒప్పుకోనంటే, తెరిచిన మాట నిజమే కదా, కోర్టులో అబద్ధమాడినట్లు అవుతుందా? మా ఆవిడ మాత్రం "తెరిచావు, ఆ మాట చెప్పు. దొంగవి కావు, ఆ మాటా చెప్పు" అంటున్నది. అవునా కాదా అని ఒక్క మాటే అడుగుతారట, రెండు మాటలు ఎట్లా చెప్పేది? నాకు చాలా భయంగా ఉందండీ.

కావున తమరు దయతలచి, అవునంటే ఏమవుతుందో కాదంటే ఏమవుతుందో నాకు అర్థమయ్యే మాటల్లో, సోమవారం లోపుగా చెప్పించగలరని వేడుకొనుచున్నాను. చదువు తక్కువవాడి రాతలో తప్పులుంటే మన్నించి, చిత్తగించవలెను.

తమ విధేయుడు,
తాళాల మేస్త్రి
(రెండవ ముద్దాయి)

తా.క.: అయ్యా, ఈ అర్జీ తమ చేతికి ఇద్దామని పొద్దుటి నుంచి వరండాలో బెంచీ మీద ఉన్నాను. తమరు పాత ఫైళ్ల గదిలోకి వెళ్లగానే గాలికి తలుపు పడి తాళం బిగుసుకున్నది. తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. అటెండరు నన్ను గుర్తుపట్టి, "నువ్వు తాళాల మేస్త్రివి కదూ, గుడ్లప్పగించి చూస్తావేం, తియ్యి" అంటున్నాడు. టైపిస్టు అమ్మగారు జడలోంచి పిన్ను తీసి నా చేతిలో పెట్టారు. తమరూ లోపల్నుంచి "తియ్యవయ్యా!" అని తలుపు బాదుతున్నారు. పాత రకం తాళం, నాకు పెద్ద పని కాదు. కానీ ఇది ఇటువంటి పనో కాదో నాకు తెలియదు. అందుకని అర్జీని తలుపు కింద నుంచి తోస్తున్నాను. కిటికీ దగ్గర పెట్టుకొని చదవండి. చదివాక దీని అడుగునే "నేనే తెరవమన్నాను" అని రాసి, సంతకం చేసి, తేదీ వేసి, అదే సందులోంచి ఇవతలికి తోయండి. పెన్ను లేకపోతే చెప్పండి, నాది పంపుతాను. కాస్త త్వరగా రాయండి సార్, లోపల ఫ్యాను కూడా లేదంటున్నారు.