మట్టిలో కలిసిన చాకిరీ

అత్తయ్యా,

వరండాలో కాగితాల మీద ఆరబోసిన మట్టిని ఊడ్చేయకండి. అది చెత్త కాదు, మన పొలం మట్టే. రేపు మా ల్యాబుకు పట్టుకెళ్ళాలి. ఎండలోకి జరపకండి, నీడలోనే ఆరాలి. పోయినసారిలా పూలకుండీలో పోశారంటే మీతో మాట్లాడను, ముందే చెప్తున్నా. మామయ్య మళ్ళీ యూరియా సంచిలో మట్టి తెస్తే గుమ్మంలోనే ఆపేయండి. అలా తెస్తే పరీక్షలో సంచి గుణం తేలుతుంది గానీ పొలం గుణం తేలదు.

అన్నట్టు, పాత పశువుల కొట్టం ఉన్న మూల మట్టిని నిన్న పరీక్ష చేశాను. భాస్వరం ఎంత ఉంటే గొట్టంలో నీలం అంత చిక్కగా వస్తుంది. ఇది సిరాలా వచ్చింది! నేనే ఏదో పొరపాటు చేశాననుకుని మళ్ళీ మొదటినుంచీ చేశాను. మళ్ళీ అదే నీలం. ఆ కొట్టం తీసేసింది నా పెళ్ళికి ఎంతో ముందు కదా!

"పేడ ఎత్తీ ఎత్తీ నా చాకిరీ అంతా మట్టిలో కలిసిపోయింది" అంటుంటారు మీరు. నిజమే అత్తయ్యా, కలిసింది. ఎక్కడికీ పోలేదు.

ఆ మూలకు ఈసారి భాస్వరం వేయొద్దని మామయ్యతో చెప్పండి. మీరు ఎప్పుడో వేసేశారు.