సున్నా రూపాయల భోజనం

మహబూబాబాద్,
22 సెప్టెంబర్ 2011.

నా మాట మధ్యలో ఆపని రోజు లేని చంద్రమ్మకు,

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. మొన్న ఫోన్ చేస్తే "జర పెట్టెయ్యి, టెంట్ల మీటింగున్నది" అని కట్ చేశావు. నిన్న చేస్తే డప్పుల చప్పుడు తప్ప నీ గొంతు వినబడలేదు. ఉత్తరాన్నయితే మధ్యలో కట్ చేయలేవు కదా. ప్రత్యేక రాష్ట్రం కోసం జరిగే సమ్మెతో బస్సులు లేవు కనుక, మా ఆఫీసు గుమాస్తా లక్ష్మీకాంత్ బైకు మీద జనగామకు వస్తుంటే అతని చేతికిస్తున్నాను. అతనికి మంచినీళ్ళివ్వు. సమ్మె గురించి అడగకు, అడిగితే గంటసేపు కదలడు.

నేను ఏ పని మీద వచ్చానో నీకు మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ నువ్వు పోపు వేస్తూ విన్నావు. ఇప్పుడు తీరిగ్గా చదువు. ఇరవై ఆరేళ్ళు అంతర్జాతీయ నీటి సంస్థలో స్టోర్‌కీపర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. మన గల్లీలో నన్ను పైపుల రాజలింగం అంటారు గానీ, కాగితాల మీద నేను అంతర్జాతీయ ఉద్యోగిని. మా జీతాలూ పెన్షన్లూ ఊరికే పెరగవు. మేమున్న చోట ఏది ఎంతకు దొరుకుతోందో ఐదేళ్ళకోసారి ధరలు తీసి, హెడ్డాఫీసున్న పట్టణం ధరలతో పోల్చి సవరిస్తారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ఈ మూడు ఊళ్ళ ధరలు తీయడానికి ఢిల్లీ నుంచి సుదర్శన్ గారని ఒక ఆఫీసరొచ్చారు. పెన్షనర్ల తరఫున ఆయన వెంట తిరిగి, చివర్లో సంతకం పెట్టేవాణ్ణి నేను. ఈ ఆఫీసు కింద తొమ్మిదిమంది పెన్షనర్లం. తొమ్మిదిమందిలో నన్నే ఎందుకు పెట్టారంటే, నేను అబద్ధం రాయనని అందరికీ తెలుసు. మన అమ్మాయి అరుణ కడుపులో ఉన్నప్పుడు నువ్వొక్క ప్లాస్టిక్ బకెట్ అడిగితే స్టోర్లోంచి ఇవ్వనివాణ్ణి. అది నువ్వు ఇంకా మరచిపోలేదనీ తెలుసు.

జాబితాలో రెండువందల పన్నెండు వస్తువులున్నాయి. ఆలివ్ నూనె, మూడు రకాల చీజు, కుక్కకు పెట్టే బిస్కట్లు. కుక్క బిస్కట్ల ధర అడిగితే ఇక్కడి షావుకారు నన్ను కింది నుంచి మీదికి చూసి, "కుక్కకా సార్, మీకా?" అన్నాడు. రూలేమిటంటే ధర నోటిమాటగా అడిగితే చెల్లదు. మేం కొనాలి, లేదా ఆ పని మా కళ్ళముందు చేయించుకోవాలి. చేతి నుంచి ఎంత పోయిందో అదే ధర. మగవారి క్షవరం ప్రతి ఊళ్ళోనూ చేయించుకోవాలి. సుదర్శన్ గారిది బట్టతల. కాబట్టి ఆ బాధ్యత నాది. జనగామలో ఒకసారి అయింది, ఇక్కడ రెండోసారి అయింది. భూపాలపల్లికి చేరేసరికి గొరగడానికి ఏమన్నా మిగులుతుందో లేదో చూడాలి.

ఈసారి పెన్షన్ పెరిగితే నువ్వు కుట్టు మిషన్ మానెయ్యాలి. నీ కళ్ళు ఎంత ఎర్రబడుతున్నాయో నేను చూడటం లేదనుకోకు. ఈ మాట ఎదురుగా అంటే కసురుతావని కాగితం మీద రాస్తున్నాను.

నీ
రాజలింగం


భూపాలపల్లి,
27 సెప్టెంబర్ 2011.

చంద్రమ్మా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. పక్కన ఎవరూ లేనప్పుడు చదివితే ఇంకా మంచిది.

నేనొక పని చేశాను. అది తప్పో ఒప్పో నాకే అర్థం కావడం లేదు. సమ్మె కదా, మేం వెళ్ళిన ప్రతి ఊళ్ళో హోటళ్ళు మూసి ఉన్నాయి. జాబితాలో మాత్రం "సాధారణ హోటల్లో ఒక భోజనం" అని ఉంది. జనగామ చౌరస్తాలో మీ ఆడవాళ్ళంతా రోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజు గుర్తుందా? మేమిద్దరం అక్కడే కూర్చుని తిన్నాం. నువ్వే వడ్డించావు. సుదర్శన్ గారు మూడుసార్లు పప్పు వేయించుకున్నారు. లేచి పర్సు తీస్తే, "గిది హోటలా సార్, పైసలు లోపల పెట్టున్రి" అని మీరంతా నవ్వారు. చేతి నుంచి పోయింది ఎంత? ఏమీ లేదు. ఆ గడిలో నేను సున్నా రాశాను.

అక్కడితో ఆగితే బాగుండేది. క్షవరం చేసేవాళ్ళు రోడ్డు మీద కుర్చీలేసి నిరసనగా ఉచితంగా చేస్తున్నారు. మూడు ఊళ్ళు, మూడు సున్నాలు. ఇప్పుడు నా తల మీద చెయ్యి పెడితే నాకే భయమేస్తోంది. సూటు ఇస్త్రీ ధర కావాలంటే నా వీడ్కోలు సభ కోటు పట్టుకెళ్ళాను. చాకలివాళ్ళు టెంటు ముందు బల్లలేసి ఇస్త్రీ చేసిచ్చి, జేబుకు ఉద్యమం గులాబీ రిబ్బను గుచ్చి పంపారు. అదీ సున్నా. "సంగీత కచేరీ టిక్కెట్టు" అనే గడి ఉంది. ఇక్కడ సింగరేణి కార్మికులు పెట్టిన ధూంధాం ఆటపాటల్లో మూడు గంటలు కూర్చున్నాం. టిక్కెట్టు లేదు సరికదా, మధ్యలో చాయ్ కూడా ఇచ్చారు. రెండు సున్నాలు.

నిన్న సుదర్శన్ గారు అంకెలన్నీ లాప్‌టాప్‌లో ఎక్కించి చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. "రాజలింగం గారూ, ప్రపంచంలో మన సంస్థకు అరవై నాలుగు చోట్ల ఆఫీసులున్నాయి. అన్నిటికంటే చవకైన చోటు ఇదేనండీ. ఇది చూస్తే హెడ్డాఫీసు వాళ్ళు ఇక్కడికి బదిలీ కోసం కొట్టుకుంటారు" అన్నారు. తర్వాత మెల్లగా అసలు మాట చెప్పారు. ఈ అంకెలే వెళితే వచ్చే ఐదేళ్ళూ మా తొమ్మిదిమందికీ పైసా పెరగదు. కాగితాలు శుక్రవారం వెళ్ళాలి. సమ్మె ఎప్పుడు అయిపోతుందో ఎవరికీ తెలియదు కనుక ఆగే వీల్లేదు.

ఇమ్మానుయేల్‌కు ఎవరు చెప్పారో, వాడూ మా తొమ్మిదిమందిలో ఒకడు కదా, ఫోన్ చేసి దులిపేశాడు. "రాజలింగన్నా, నీకేమన్న పిచ్చి లేసిందా? సున్నా ఎవడన్న రాస్తడే? నువ్వు అన్నం తింటున్నవా, గాలి తింటున్నవా? మా ఇంటామె గ్రేస్ మందుగోళీలకే నెలకు ఎనిమిది వందలైతున్నయి. భోజనం డెబ్బై అని రాయరాదు, ఎవడు చూస్తడు?" అన్నాడు. ఇరవై ఏళ్ళు నన్ను జీపులో తిప్పినవాడు నన్ను ఆ మాట అనడం ఇదే మొదటిసారి. డెబ్బై అని రాస్తే అది నిజానికి దగ్గరగానే ఉంటుందని నాకూ తెలుసు. కానీ నేను ఇవ్వని డబ్బును ఇచ్చానని ఎలా రాయను? ఇరవై ఆరేళ్ళు ఒక్క పైపు ముక్క తేడా రాకుండా చూసిన చేతులివి.

అందుకని సంతకం పెట్టాలనే నిర్ణయించుకున్నాను. ఉన్నదే రాశాను, ఉన్నదానికే సంతకం పెడతాను. నువ్వు మాత్రం మిషన్ మానలేవు. పోయిన ఉత్తరంలో గొప్పగా రాసిన మాటను నేనే కొట్టేస్తున్నాను. ఎనిమిదిమంది నన్ను తిట్టుకున్నా తట్టుకోగలను. నువ్వు సూదిలో దారం ఎక్కించడానికి దీపం వైపు వంగితే చూడటం నా వల్ల కావడం లేదు. ఈ మాట ముప్పై ఒక్కేళ్ళలో ఒక్కసారీ నీకు చెప్పలేదు. నన్ను తిట్టాలనుంటే ఉత్తరంలోనే తిట్టు. ఇంటికొచ్చాక కడుపునిండా తిననిచ్చి తిట్టు.

సిగ్గుతో,
నీ రాజలింగం


జనగామ,
28 సెప్టెంబర్ 2011.

గుండాయన గారికి,

ఉత్తరం కాబట్టి మీరు అంటున్నాను. ఇంటికొస్తే నువ్వే.

పక్కన ఎవరూ లేనప్పుడు చదవమన్నారు. టెంటులో నలభైమంది ఉన్నారు. లక్ష్మీకాంత్ అందరి ముందే కవరిచ్చాడు. "ఏం రాసిండు, చదువక్కా" అన్నారు, చదివాను. కుక్క బిస్కట్ల సంగతి కూడా చెప్పాను. ఇంతమంది ఒకేసారి నవ్వడం ఈ సమ్మెలో ఇదే మొదలు. కానీ భోజనం సున్నా అన్న దగ్గర నవ్వు ఆగిపోయింది. నాకు ముందు కోపం కూడా రాలేదు, ఏడుపొచ్చింది.

ఆ రోజు మీరు తిన్న అన్నం ఎక్కడిదనుకున్నారు? మూడు బస్తాల బియ్యం. దేవరుప్పుల నుంచి ఒక బస్తా వచ్చింది, ఒకటి వాడలో ఇంటింటికీ తిరిగి జమ చేశాం. మూడోది ఎవరు కొన్నారో మీరు అడగలేదు. నేను కొన్నాను. బతుకమ్మకు కుట్టిన ఇరవై రెండు జాకెట్ల డబ్బు అది. పప్పు గ్రేస్ ఇచ్చింది. గోళీలు పది రోజులు ఆపుకుని ఇచ్చిందట. ఆ సంగతి ఇమ్మానుయేలన్నకు తెలియదు, మీరూ చెప్పకండి. పన్నెండుమందిమి పొద్దున నాలుగింటికి లేచి వండాం. మీరు తిని లేచి, నా ఎదురుగానే కాగితం తీసి సున్నా వేశారు. నేను చూశాను. ఏదో ఆఫీసు గీత అనుకున్నాను.

మీ తల గొరిగినాయన టెంటులోనే ఉన్నాడు. సంగతి చెబితే కత్తెర పక్కన పెట్టి నన్నే అడిగాడు. "పైసల్ తీస్కోకపోతే పని చెయ్యనట్టేనా అక్కా? ముప్పై రూపాయల పని నేను ఉద్యమానికిచ్చిన. సార్ దాన్ని నీళ్ళల్ల కలిపిండా?" జవాబు మీ దగ్గరుంటే శుక్రవారం లోపల రాసి పెట్టుకోండి.

మీరు అబద్ధం రాయలేదు, నాకు తెలుసు. ఇమ్మానుయేలన్న చెప్పినట్టు డెబ్బై వేయనందుకు మీ మీద నాకు గౌరవమే. కానీ మీరు రాసింది మీ చేతి నుంచి పోయిన డబ్బు. ఆ గడి అడిగింది బతకడానికి అయ్యే ఖర్చు. ఒకరు ఇవ్వలేదంటే ఇంకొకరు పెట్టుకున్నారని అర్థం. ముప్పై ఒక్కేళ్ళు సంసారం చేసినవారికి ఈ సంగతి నేను కాగితం మీద రాసి చెప్పవలసి వచ్చింది.

బిల్లు ఉంటేనే ధర అంటున్నారు కదా, అయితే వినండి. శుక్రవారం పొద్దున ఇమ్మానుయేలన్న జీపులో భూపాలపల్లికి వస్తున్నాం. నేనూ గ్రేసూ ఇంకో నలుగురూ. జీపు వెనక పొయ్యి, గిన్నెలు. ఆఫీసు ముందే వండుతాం. ఇది ఉద్యమం వంట కాదు, అమ్మే వంట. పావలా లాభం కూడా వేసుకోం. మీ సుదర్శన్ గారు కడుపునిండా తింటారు, డబ్బులిస్తారు, బిల్లు తీసుకుంటారు. గొరిగినాయన కూడా వస్తానన్నాడు. మీ తల మీద ఇక పని లేదు కాబట్టి మీ ఆఫీసు డ్రైవర్ తల వెతుక్కుంటాడట. అన్నీ సరిచేసి రాశాక సంతకం పెట్టండి. అంతదాకా కలం జేబులోంచి తీశారో, ఆ రిబ్బను కోటు మీదే మీకు పడక.

నా మిషన్ గురించి రాశారు. దీపం వైపు వంగితే చూడలేనన్నారు. ఆ మాట మాత్రం టెంటులో చదవలేదు. నాకోసం ఉంచుకున్నాను.

శుక్రవారం మీ దగ్గర డబ్బు తీసుకోను. విస్తరి ముందు కూర్చున్నాక, ముద్ద ఎత్తే ముందు, "బియ్యం ఎంతకు తెచ్చినవ్ చంద్రీ" అని ఒక్కసారి అడగండి. పెళ్ళైనప్పటి నుంచి ఆ మాట కోసం చూస్తున్నాను.

మీ
చంద్రమ్మ