నాలుగు కోర్లూ లేచి పనిచేసిన రోజు

నంద్యాల, ఆదివారం రాత్రి

ఇవాళ అరవకుండా గెలిచాను. నాకే నమ్మకం కుదరడం లేదు.

మస్తాన్ అన్న తన నెట్ సెంటర్లో నాలుగు కోర్ల ప్రాసెసర్ పెట్టింది నా మాట విని. కోర్లంటే దాని లోపల పనిచేసే కూలీల్లాంటివి. ఏ గేమ్ వేసినా ఒక్క కోరే చెమటోడ్చేది, మిగతా మూడూ దొరల్లా కూర్చునేవి. ఇక రేపు దాన్ని తీసేస్తానన్నాడు. తీస్తే పోయేది నా పరువే.

ఆళ్లగడ్డ ఓబులేసు తన రెండు కోర్ల కంప్యూటర్‌ను దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని, ఎవరిది వేగమో తేల్చే పందేనికి వచ్చాడు. రెండింటిలో ఒకే కార్ల గేమ్ వేశాం. ఒక్కో కోరుగా చూస్తే వాడిదే వేగం; మాది ఆగి ఆగి నడిచింది.

"ఏందప్పా, నీ నలుగురు కూలోళ్లు యాడ పండుకున్యారు?" అన్నాడు ఓబులేసు.

కోపం నెత్తికెక్కింది. అయినా నోరు మూసుకుని, కొత్తగా వచ్చిన గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్, దానికి తగ్గ గేమ్ కొత్త వెర్షన్ రెండింటిలోనూ ఎక్కించాను. అది పనిని కోర్లన్నిటికీ పంచుతుంది. వాడిది కాస్త మెరుగైంది. మాదాంట్లో కార్లు గాలిలా పోయాయి! ఇన్నాళ్లూ ఊరేగింపుల్లో పంచే కరపత్రాల్లో చదివిన సమానత్వాన్ని మొదటిసారి కళ్లారా చూశాను.

"ఇది ఈడనే ఉంటాది. ఎవురూ చెయ్యి పెట్టొద్దు," అన్నాడు మస్తాన్ అన్న.

బస్సెక్కేటప్పుడు ఓబులేసు ఆ మూటను పొద్దుటంత మురిపెంగా పట్టుకోలేదు. "దీన్ని అమ్మేద్దునా?" అన్నాడు. నిన్న మాదానికి విలువ లేదు, ఇవాళ వాడిదానికి. రేపు ఇంకో సాఫ్ట్‌వేర్ వస్తే...

"అమ్మొద్దురా. వచ్చే ఆదివారం ఈడనే ఆడుకుందాం," అన్నాను.

"నాలుగు కోర్లది నాకిస్తేనే వస్తా!" కిటికీలోంచి అరిచాడు.

సమానత్వమని అంత చదివాక ఇవ్వక తప్పదు. మొదటి ఆట మాత్రం నాదే.