తెస్సెల్ కుడిపక్క చోటు

లేవార్డెన్,
21 నవంబర్ 1996, గురువారం.

మహా ఘనత వహించిన డాక్టర్ తెస్సెల్ గారి సముఖానికి,

పట్టా లేని ఫ్రౌకె వంగి వంగి చేసుకునే విన్నపం. ఇక్కడ నేనూ, నా పిల్లీ, మా నీటి కచేరీ కాపలా కాసే గట్లూ క్షేమం. తమరూ, తమ పేరు ముందు కొత్తగా చేరిన బిరుదూ క్షేమమని తలుస్తాను.

సరే, వేళాకోళం చాలు. నీ ఉత్తరం సోమవారమే అందింది. యొలాండతో నీకు మాటల్లేవనీ, ఆదివారం ఆమె ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతోందనీ, మేడమీద గది ఇక మళ్లీ నాదేననీ రాశావు. నిజం చెబుతున్నాను, అది చదివి నిలబడ్డచోటే గట్టిగా నవ్వాను. పిల్లి బెదిరి బల్ల కిందికి దూరింది. ఇంత సంతోషం నాకు ఈ ఆరేళ్లలో కలగలేదు. అంత సంతోషం కలిగినందుకే జవాబు రాయడానికి మూడు రోజులు పట్టింది.

ముందుగా ఒకటి తేల్చుకుందాం. నువ్వనుకున్నట్టు నేను నీకోసం అంతదూరం రాలేదు. మీటింగుకు వచ్చాను. గట్లకు కన్నాలు పెట్టే నీటి ఎలుకల గురించి దేశంలోని నీటి కచేరీలన్నీ కలిసి రెండు రోజుల సమావేశం పెట్టుకున్నాయి. అది లైడెన్‌లోనే జరగడం, రెండో రోజు నీ డాక్టరేటు పరీక్ష రోజే కావడం నా ఖర్మ. మెడలో ఎలుక బొమ్మ ఉన్న చీటీ వేలాడేసుకొని, స్టేషన్ పక్క హోటల్లో, ఎలుక ఒక్క ఏడాదిలో ఎన్ని పిల్లల్ని పెడుతుందో రాసుకుంటూ కూర్చున్నాను. పది నిమిషాలు నడిస్తే నువ్వు. నల్ల గౌను ప్రొఫెసర్ల ఎదుట నీ పుస్తకం. నేను రాసుకున్న అంకెలన్నీ తప్పులే అయి ఉంటాయి.

ఆ ఊరి మీద కూడా నాకు కోపమే వచ్చింది. నేను వెళ్లిపోయి ఆరేళ్లయినా కాలువ గట్టున సైకిళ్లు అలాగే ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. మన రొట్టెల కొట్టు ముసలాయన నన్ను చూసి, ఏమ్మా ఈమధ్య కనపడ్డం లేదు, ఊళ్లో లేవా అన్నాడు. ఆరేళ్లనుంచి లేను బాబూ అన్నాను. అవునా అని చిల్లర చేతిలో పెట్టాడు. నేను లేనందుకు ఆ ఊరికి ఏమాత్రం బెంగ లేదు.

నా అసూయ నీకు కొత్తేమీ కాదు. మనిద్దరం ఒకే సెప్టెంబరులో, ఒకే ప్రొఫెసర్ తెర్వింత్ దగ్గర, సముద్రంలో మునిగిపోయిన ఊళ్ల చరిత్ర మొదలుపెట్టాం. నేను మూడేళ్లు కాగితాలు పోగేశాను, ఒక్క అధ్యాయం రాయలేకపోయాను. నువ్వు రోజుకు అరపేజీ చొప్పున రాసుకుంటూ పోయావు. నేను పెట్టె సర్దుకున్న నెలకే ఆ గదిలోకి యొలాండ దిగింది. ఆసుపత్రి లాబొరేటరీలో పనిచేసే మనిషికి కాలువ కనిపించే కిటికీ ఎందుకు చెప్పు? నా గది తీసుకుంది, నా బల్ల తీసుకుంది, నీతో టీ తాగే వేళ తీసుకుంది. చివరికి నీ పరీక్షనాడు నీ కుడిపక్క చోటు కూడా తీసుకుంది.

మీటింగులో మధ్యాహ్నం రొట్టె, మజ్జిగ ముగించి జారుకుందామని చూస్తుంటే మా షూర్డ్ పట్టేశాడు. ముప్పయ్యేళ్లుగా ఎలుకల బోనులు పెట్టే మనిషి, ఇంకో రెండేళ్లలో రిటైరవుతాడు. ఎక్కడికమ్మా దొంగలా అన్నాడు. స్నేహితురాలి పట్టా పరీక్ష అన్నాను. నేనూ వస్తా, చదువుకున్నవాళ్లు ఎలా కొట్టుకుంటారో చూడాలి అని వెంటపడ్డాడు. నీకు చివరి వరసలో కనిపించిన రబ్బరు బూట్ల పెద్దమనిషి ఆయనే.

నువ్వు హాల్లోకి వచ్చినప్పుడు చూశాను. ముందు డవాలా బంట్రోతు, చేతిలో గంటలు కట్టిన పొడుగాటి కర్ర. వెనక నువ్వు, ఎడమపక్క మీ తమ్ముడు, కుడిపక్క యొలాండ. నల్ల దుస్తుల్లో ఎంత ఒద్దికగా నడిచిందని! పెళ్లికూతురికి కూడా అంత ఒద్దిక ఉండదు. షూర్డ్ నా చెవిలో, ఆ పక్కనిద్దరూ ఎవరమ్మా, పోలీసులా అన్నాడు. కాదయ్యా, వెనకటికి పండితులు వాదం ముదిరి చేయిచేసుకునేవాళ్లట, అప్పుడు అడ్డుపడటానికి ఇద్దరు తోడు, ఇప్పుడు ఊరికే ప్రాణస్నేహితుల్ని నిలబెట్టుకుంటారు అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, మరి నువ్వెందుకు అక్కడ లేవు అన్నాడు. నెమ్మదిగా అనడం ఆ మనిషికి చేతకాదు. ముందు రెండు వరసలూ తిరిగి చూశాయి.

నువ్వు బాగా జవాబులు చెప్పావు తెస్సెల్. ఇది రాయడానికి నాకు పళ్లు నూరుకోవలసి వచ్చింది, అయినా రాస్తున్నాను. ఆ గ్రోనింగెన్ ప్రొఫెసర్ వరద తేదీ మీద నిన్ను ఇరికించబోతే, నువ్వు చర్చి గంట పగిలిన సంగతి తీసి ఆయన నోరు మూయించావు చూడు, నేను చప్పట్లు కొట్టబోయి ఆపుకున్నాను. ఆ గంట కాగితం దొరికింది నాకు, మిడెల్‌బర్గ్ దఫ్తరంలో, తడిసిన కట్టలో. నేను వెళ్లిపోయేటప్పుడు నీకిచ్చాను. పుస్తకంలో నా పేరు వేశావు, పేజీ నూట పన్నెండు, అడుగున చిన్న అక్షరాల్లో. చూశాను. అయినా ఆ గంట నా నోటితో మోగవలసింది.

ఆఖరి పది నిమిషాల్లో ప్రొఫెసర్లలో ఆ ఎర్రముక్కు పెద్దాయన పుస్తకం పక్కన పెట్టి, దానితో పాటు అచ్చేసి ఇచ్చిన నీ ప్రతిపాదనల కాగితం తీశాడు. చివరిదాన్ని అందరూ సరదాకి రాస్తారని తెలుసు, నువ్వేం రాశావో మాత్రం నేను చూసుకోలేదు. పద్ధతి ప్రకారం తోడున్నవాళ్లు చదవాలి కదా. యొలాండ లేచింది. గొంతు సవరించుకుంది. లైడెన్ నుంచి కాట్వైక్ వెళ్లే దారిలో గాలి ఎప్పుడూ ఎదురుగానే వీస్తుంది, తిరిగి వచ్చేటప్పుడు కూడా, అని చదివింది.

హాలంతా నవ్వింది. అది మన దారి. ప్రతి ఆదివారం సముద్రం దాకా తొక్కేవాళ్లం, నువ్వు ముందు, నేను వెనక, పాత సైకిళ్ల మీద. గాలిని బండబూతులు తిట్టుకుంటూ వెళ్లి, ఇసుకలో కూర్చుని వేయించిన చేప తిని, మళ్లీ తిట్టుకుంటూ వచ్చేవాళ్లం. ఆ దారిని ఎవరో ఆసుపత్రి మనిషి, అచ్చుతప్పు లేకుండా, గోడమీది ప్రకటన చదివినట్టు చదివేసింది.

ఎర్రముక్కాయన నవ్వి, దీనికి రుజువేమిటి, సాక్షి ఎవరు అని అడిగాడు. నువ్వు నవ్వావు. ఆ దారిలో ప్రతివారం నా వెనక అని మొదలుపెట్టావు. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. బంట్రోతు కర్ర నేలకు కొట్టి, సమయమైంది అని లాటిన్‌లో అరిచాడు. నువ్వు నోరు మూసుకున్నావు. ఆ కేక పడ్డాక ఒక్క మాట పలకకూడదు, పద్ధతి పద్ధతే. ఆ వాక్యంలో తర్వాతి మాట నా పేరో కాదో నాకు తెలియలేదు. షూర్డ్ మాత్రం, మా మీటింగులో కూడా ఇలాంటివాణ్ణి ఒకణ్ణి పెడితే బాగుండు అని మురిసిపోయాడు.

తర్వాత నువ్వు, పరీక్షకు పిలుపు వచ్చేదాకా అందరూ చెమటలు కక్కుతూ కూర్చునే ఆ చెమట గది గోడమీద సంతకం చేయడానికి వెళ్లావు. నేను రాలేదు. పట్టా పుచ్చుకున్నవాళ్లందరూ పేరు గీసిన ఆ గోడ ముందు, మెడలో ఎలుక బొమ్మతో నిలబడటం నా వల్ల కాలేదు.

విందులో మీ అమ్మగారు నన్ను వాటేసుకున్నారు. ఇంత చిక్కిపోయావేమే, అక్కడ ఫ్రీస్‌లాండ్‌లో తిండి పెట్టరా అని, వేడివేడి మాంసం ఉండలు నాలుగు నా ప్లేటులో వేశారు. ఆవిడే చెప్పారు. తోడు నిలబడతానని యొలాండే నోరు తెరిచి అడిగిందట. ఎవరైనా అడిగించుకుంటారు గానీ అడుగుతారటే, మా కాలంలో ఇలాంటి తెంపరితనం ఎరుగం తల్లీ అన్నారు. నేను ఆవపిండి ముద్ద నంజుకుంటూ తల ఊపాను. చాలా రుచిగా ఉన్నాయి ఆ ఉండలు. మీటింగులో చివరి చర్చ ఉందని చెప్పి వచ్చేశాను. నిజానికి ఆ చర్చ అప్పటికే అయిపోయింది.

ఇప్పుడు నీ ఉత్తరం. సాక్షి నేనేనని రాశావు. ఆ వాక్యం పూర్తిచేశావు, కృతజ్ఞురాలిని. నీ పక్కన నేనుండాలనే నీకు ఉండేదనీ, యొలాండ ముఖం చూసి కాదనలేకపోయావనీ, ఎందుకలా అడిగావని ఇప్పుడు నిలదీస్తే ఆమె గోడలా నిలబడిందే తప్ప ఒక్క ముక్క చెప్పలేదనీ రాశావు. మాట మీద మాట పెరిగిందనీ, ఆమె వేరే గది చూసుకుందనీ రాశావు. నా మీటింగులు ఇక మూడు నెలలకోసారి లైడెన్‌లోనే గనక, వచ్చినప్పుడల్లా నా గదిలోనే దిగమన్నావు.

దిగుతాను. ఫిబ్రవరిలో మళ్లీ ఎలుకల మీటింగుంది. ఆ కిటికీ రెక్క తేమకు బిగుసుకుంటుంది, కింద నుంచి ఒక్క గుద్దు గుద్దితేనే వస్తుంది, యొలాండకు అది ఎన్నటికీ పట్టుబడి ఉండదు. అడిగి తెచ్చుకున్న చోటు ఎన్నాళ్లు నిలుస్తుంది చెప్పు.

అమ్మగారికి నా నమస్కారాలు. తమ్ముణ్ణి అడిగానని చెప్పు. డాక్టరమ్మవని భోజనం మానేసి చదవకు.

ఎప్పటికీ నీ వెనక సైకిల్ తొక్కే,
ఫ్రౌకె.

తాజా కలం:

కవరు అంటించి తపాలా పెట్టె దాకా వెళ్లి తిరిగొచ్చాను. చించి మళ్లీ తెరిచాను, అందుకే పైన జిగురు కాగితం. ఫోన్ చేయవచ్చు, కానీ నీ గొంతు వింటే మళ్లీ ఏదో ఒక అబద్ధం ఆడతాను.

యొలాండ ఆ చోటు అడుక్కోలేదు. మే నెలలో ఆమె మా కచేరీకి ఫోన్ చేసింది. తెస్సెల్ నిన్నే అడగాలనుకుంటోంది, అడిగితే నీ మనసు నొచ్చుకుంటుందేమోనని వారంనుంచి ఉత్తరం రాయడం, చించడం, నేను చెప్పానని అనకు గానీ, అడిగితే వస్తావు కదూ అంది. రానన్నాను. నువ్వు డాక్టరవుతుంటే పక్కన బొమ్మలా నిలబడి చూడటం నా వల్ల కాదన్నాను. ఆ మాట నీకు చెబితే జన్మలో మళ్లీ లైడెన్ గడప తొక్కనన్నాను. మరి ఆమెకేం చెప్పను అంది. ఆ చోటు నీకు కావాలని నువ్వే తెస్సెల్‌ని అడుగు, అప్పుడిక నన్ను అడగదు అన్నాను. తెస్సెల్ నన్ను సిగ్గులేనిదనుకుంటుంది, ఫ్రౌకె, అంది. అనుకోనీ అన్నాను. తర్వాత, సరే, మీ ఇద్దరి స్నేహం చెడకూడదు, మాటిస్తున్నాను అంది.

విందులో నా దగ్గరికి వచ్చింది కూడా. ఇప్పటికైనా చెప్పేయనా, వాళ్లమ్మగారు నన్ను చూసే చూపు భరించలేకుండా ఉన్నాను అంది. వద్దన్నాను. ఆ తర్వాతే మీ అమ్మగారు పెట్టిన ఉండలు తిన్నాను.

ఇంకొకటి. ఆ మీటింగుకు వెళ్లే వంతు నాది కాదు. షూర్డ్‌తో పాటు వెళ్లాల్సిన మనిషిని బతిమాలి ఆ చోటు నేను అడిగి తెచ్చుకున్నాను.

పైన రాసినదేదీ చించడం లేదు. అంత కుళ్లూ నాదే, నువ్వు చూడాలి. ఈ ఉత్తరం నీకు శనివారానికి అందుతుంది. అందగానే మేడమీదికి వెళ్లు, సామాను కట్టడం ఆపించు. గది ఆమెది. నాకు జవాబు రాయాలనిపిస్తే తర్వాత రాద్దువుగాని.

ఫ్రౌకె