పటం కట్టిన పట్టా

హైదరాబాదు, 4-7-1988

అవ్వకు గంగారాం దండాలు. చెల్లే, సాయవ్వా, వాకిట్లో నిలబడి గట్టిగా చదువు: మనమే గెలిచాం!

దుబాయిల పనికి పోనీకి సర్కారు అనుమతి, అదే క్లియరెన్సు, రాలేదంటూ ఏజెంటు నన్ను ఏడాది తిప్పాడు కదా. కామారెడ్డిలో ఫారాలు నింపే ఘనీ భాయ్ మాటే నిజమైంది. ఆయన పేపర్లో పడ్డ ప్రతి కొత్త రూలూ కత్తిరించి నోటుబుక్కులో అంటించుకుంటాడు. "డిగ్రీ ఉన్నోనికి క్లియరెన్సు ఎందుకు? అసలు పట్టా చూపెట్టు, అక్కర్లేదని పాస్‌పోర్టు మీద ముద్ర గుద్దుతరు" అన్నాడు.

అవ్వా, పట్టాకు కట్టించిన పటం నువ్వు విప్పనియ్యలేదని ఎల్లారెడ్డి నుంచి అద్దంతో సహా ఒళ్లో పెట్టుకుని వచ్చాను. అద్దం మీద నువ్వు పెట్టిన శుక్రవారం బొట్టు చూసి ఇక్కడి పాస్‌పోర్టు ఆఫీసరు "ఇదేం దేవుని పటమయ్యా?" అన్నాడు. "నా బి.ఎ. పట్టా సార్. మా అవ్వ రోజూ మొక్కుతది" అన్నాను. నవ్వుతూనే ముద్ర వేశాడు!

బర్రె ఈనిందా? నా నీలం చొక్కా ఇస్త్రీకి వెయ్యండి. బాపుకు, పక్కింటి సత్యమ్మత్తకు దండాలు.

పటం తెస్తున్నాను, దాని జాగాలో క్యాలెండరు తగిలించకండి. పక్కనే ఇంకో మేకు కొట్టించండి. సాయవ్వా, కాలేజీ ఫారం ఇవ్వాళే నింపు. ఆ మేకు నీది.

గంగారాం