ఏడో వరస

నవంబర్ 4
డెంగీతో నా కొడుకు సఫ్వాన్ పోయి నలభై రెండు రోజులు. నలభయ్యో రోజు భోజనాలకు అడిగి తెచ్చిన గిన్నెలు ఇంకా తిరిగి ఇవ్వలేదు. వాడి నోటుబుక్కులో మిగిలిన కాగితాల్లో రాస్తున్నాను.

వాడు కట్టిన బొమ్మ ఇంటి మధ్యలో ఉంది, అరబ్బీ అలిఫ్ అక్షరంలా నిటారుగా. పక్కకి తిరిగితే గాని వంటింట్లోకి పోలేను. సముద్రం విసిరేసిన పడవ చెక్కలు, విరిగిన తెడ్డు, ఎవరో పారేసిన కొబ్బరి కోరే పీట. ఒక్క మేకు లేదు. అంతా బెత్తపు నారతో కట్టాడు. ప్రతి వస్తువుకీ సెమంగాత్, ప్రాణం లాంటిది, ఉంటుందట. మేకు కొడితే లోపలే ఇరుక్కుంటుందట. ఏది ఏరుకున్నా ముందు సలాం చెప్పి అడిగేవాడు. చెక్కని అడిగేదేమిట్రా అని నవ్వేదాన్ని.

ఏడు వరసలన్నాడు. ఆరే ఉన్నాయి.

నవంబర్ 9
వాన. ఏడో వరసకి ఏదైనా దొరుకుతుందని ఒడ్డుకు వెళ్ళాను. సలాం చెప్పాను. ఏదీ నాతో వస్తాననలేదు.

నవంబర్ 10
ఏమీ లేదు.

నవంబర్ 17
కౌలాలంపూర్ నుంచి మ్యూజియం అమ్మాయి వచ్చింది. బొమ్మ ఇవ్వండమ్మా, నలుగురూ చూస్తారు అంది. పూర్తి కాలేదు, ఇవ్వనన్నాను. అయినా టేపు పెట్టి కొలిచింది. తలుపులోంచి పట్టదట. రంపంతో రెండు ముక్కలు చేసి అక్కడ అతికిస్తారట. మా ఆడపడుచు రొకియా, మా వదినని కూడా కోసి పట్టుకుపో తల్లీ, ఇద్దరూ ఒకే చోట పాతుకుపోయారు అంది. ఆ పిల్లకి నవ్వాలో వద్దో తెలియలేదు.

నవంబర్ 26, రాత్రి
ఒడ్డున దొరికిన వలబంతి, నీళ్ళ మీద వలని తేల్చేది, పైన కట్టాను. జారింది. మళ్ళీ కట్టాను. జారింది. వేళ్ళు కోసుకుపోయాయి. సాయంత్రానికి ఎలాగో నిలిచింది. వాడిది కాదని చూస్తేనే తెలుస్తోంది. పూర్తి చేయలేను, వదిలి పోలేను. నా ఇంట్లో నాకే ఊపిరాడడం లేదు.

డిసెంబర్ 2
ఊరి సురావులో, అదే మా చిన్న మసీదులో, వాడికి పాఠం చెప్పిన లెబై గారు వచ్చారు. కూర్చోలేదు. కింద నుంచి వేలితో లెక్కపెట్టి పైన ఆగి, ఈ బంతి ఎవరు కట్టారే పిచ్చిదానా అన్నారు. నేనే అన్నాను. మనిషి దగ్గర మొదలుపెడితే అల్లా దాకా ఏడు మెట్లు, పై మెట్టుకి రూపం లేదు, పేరు లేదు, అక్కడేం కడతావు, మీవాడు ఖాళీగా వదిలాడంటే పూర్తయినట్టే అన్నారు.

ఆయనకి కాఫీ కూడా ఇవ్వలేదు. కోపం వచ్చింది. పూర్తి కాకపోతేనే కదా వాడు ఇంకా చేస్తూ ఉన్నట్టు.

డిసెంబర్ 3
బంతి విప్పేశాను. పూర్తయింది, వచ్చి తీసుకెళ్ళమని మ్యూజియం అమ్మాయికి ఫోన్ చేయించాను.

డిసెంబర్ 11
లారీ వచ్చింది. రంపం తీస్తుంటే చెయ్యి అడ్డం పెట్టాను. మా ఇంటికీ మేకుల్లేవు, మా ఆయన గాడుల్లో బిగించిన పలకలే. బొమ్మని కోయొద్దు, గోడ విప్పండన్నాను. వానాకాలంలో గోడ తీస్తారా వదినా, నీకు మతి పోయింది అంటూనే రొకియా మొదటి పలక తనే లాగింది.

పదకొండు పలకలు. నిటారుగానే వెళ్ళింది.

డిసెంబర్ 12
గోడ ఇంకా పెట్టించలేదు. వాన లోపలికి వస్తోంది. బొమ్మ నిలబడిన చోట నిలబడ్డాను. చేతుల్లో ఏమీ లేదు.