జేబు మీద ఎర్ర బాణం

ఫిబ్రవరి 3, శనివారం

తొమ్మిదింటికి గుండుసూది వచ్చింది. సన్నటి ఒళ్ళు, పెద్ద తల, ఎక్కడ కూర్చున్నా ఏదో ఒక ప్రశ్నతో గుచ్చుతూ ఉంటుంది. అందుకే మా అమ్మాయికి ఆ పేరు పెట్టాను. తొమ్మిదేళ్ళు. వాళ్ళ అమ్మ గేటు దగ్గరే దింపి వెళ్ళిపోయింది.

విడిపోయాక మాకు కుదిరిన ఏర్పాటు ఇది. శని, ఆదివారాలు పిల్ల నా దగ్గర, మిగతా ఐదు రోజులు ఆమె దగ్గర. పిల్లకి ఇష్టమున్నంత కాలమే అని కూడా కాగితం మీద రాసుకున్నాం. ఆ ఒక్క ముక్క నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు.

ఇష్టం నిలబెట్టుకోవాలి కదా. ప్రోగ్రాం వేశాను. శనివారం వంట, ఆదివారం క్రాఫ్ట్. వంటంటే సూప్, శాండ్‌విచ్, ఆమ్లెట్, అంతే. నాకొచ్చినవి అవే. గురువారం ఆమ్లెట్ రిహార్సల్ కూడా చేశాను, ఆరు గుడ్లు తగలేసి.

ఈరోజు టమాటా సూప్. గుండుసూది స్టూలెక్కి నిలబడి కోసింది. ఒక్క ముక్కా ఇంకో ముక్కలా లేదు. ఉప్పు రెండుసార్లు వేసింది. తను చూడనప్పుడు నేను నీళ్ళు పోసి సరిచేశాను. అదిరింది కదా నాన్నా అంది. అదిరింది అన్నాను.

ఫిబ్రవరి 4, ఆదివారం, సాయంత్రం 6

పాత దుప్పటితో ఆప్రాన్ కుట్టాం. కటింగ్ నాది, నడుం పట్టీ నాది. జేబు మాత్రం పూర్తిగా గుండుసూదిది. నీలం దారంతో, చేత్తో, రెండు గంటలు. నాలుక బయటపెట్టి మరీ కుట్టింది. ఒక కుట్టు ఇంతింత, ఇంకో కుట్టు చీమ తలకాయంత. ఒక మూల పైకి లేచిపోయింది. మధ్యలో వేలికి గుచ్చుకుంటే సూదిని తిట్టింది.

నా సంచిలో ఎర్ర స్టిక్కర్ల చుట్ట కనబడితే ఇవేంటని అడిగింది. నేను చొక్కాల ఫ్యాక్టరీలో చెకర్‌ని. చొక్కాలో తప్పు ఎక్కడుంటే అక్కడ బాణం మొన వచ్చేలా స్టిక్కర్ అంటిస్తాం, ఆ పీస్ మళ్ళీ సరిచేయడానికి వెనక్కి వెళ్తుంది అని చెప్పాను. వెంటనే ఒకటి చింపి నా ముక్కు మీద అంటించింది. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. ఈ ఇంట్లో నవ్వు వినబడి ఎన్నాళ్ళయిందో.

ఆప్రాన్ ఇంటికి పట్టుకెళ్తావా అంటే వద్దంది. ఇక్కడ నాది ఏమీ లేదు కదా, ఇది ఇక్కడే ఉండాలి అంది. తనే వంటింటి మేకుకి తగిలించి వెళ్ళింది.

ఫిబ్రవరి 5, సోమవారం

డ్యూటీ నుంచి వచ్చి టీ తాగుతుంటే ఎదురుగా ఆ జేబు. రోజుకి నాలుగొందల చొక్కాలు చూసే కళ్ళు ఇవి, ఊరుకుంటాయా? ఒక్క మూల సరిచేద్దామని మొదలుపెట్టాను. మూల విప్పితే పక్క లాగింది, పక్క విప్పితే అడుగు లాగింది. చివరికి మొత్తం విప్పేసి మళ్ళీ కుట్టాను. అదే నీలం దారం. అంగుళానికి పదకొండు కుట్లు, స్కేలు పెట్టి గీసినట్టు వచ్చింది. పాత దారం ముక్కలు ఊడ్చి పారేశాను.

శనివారం చూసి మురిసిపోతుంది.

ఫిబ్రవరి 10, శనివారం

చూసింది.

రాగానే వంటింట్లోకి పరిగెత్తింది. ఆప్రాన్ తీసి, జేబులో చెయ్యి పెట్టి, తిప్పి వెనక కుట్లు చూసింది. ఇదెవరిది నాన్నా అని అడిగింది. నీదేనమ్మా, కొంచెం గట్టి చేశానంతే అన్నాను. ఓహో అంది. మళ్ళీ మేకుకి తగిలించేసింది. శాండ్‌విచ్ చేసేటప్పుడు వేసుకోలేదు. గౌను మీద సాస్ పడినా వేసుకోలేదు.

శాండ్‌విచ్ అంచులు నువ్వే కొయ్యి నాన్నా, నాకు వంకర వస్తాయి అంది. కోశాను. చక్కగా వచ్చాయి.

ఫిబ్రవరి 11, ఆదివారం

పాల డబ్బాతో పెన్ స్టాండ్ చేశాం. చేశాం ఏమిటి, నేను చేశాను. నువ్వు చెయ్యి, నేను చూస్తా అంది. బద్ధకం వాళ్ళ అమ్మ నుంచి వచ్చినట్టుంది అనుకున్నాను. నాలుగింటికే షూస్ వేసుకుని కూర్చుంది. అమ్మ వచ్చేది ఐదింటికి.

ఫిబ్రవరి 13, మంగళవారం

జేబు మీద ఎర్ర బాణం అంటించి ఉంది. ఆదివారమే అంటించి ఉంటుంది, నేనే ఈరోజు చూశాను. మొన సరిగ్గా కుట్టు మీద ఉంది. అల్లరి పిల్ల.

కానీ ఏదో తప్పు పట్టుకునే ఉంటుందని వెతికాను. లైటు కింద పెట్టి చూశాను. దారం వదులు లేదు, కుట్టు తప్పలేదు, మూలలు నాలుగూ సమానం. నేను పాస్ చేసిన పీస్‌లో తొమ్మిదేళ్ళ పిల్ల ఏం పట్టుకుందో అంతుపట్టలేదు.

ఫిబ్రవరి 14, బుధవారం

ఆప్రాన్‌ని ఫ్యాక్టరీకి పట్టుకెళ్ళాను. పక్క టేబుల్ అక్క నాకంటే పన్నెండేళ్ళు సీనియర్. ఆమె కన్ను పడితే సూది బెజ్జంలో దుమ్ము కూడా దాక్కోలేదు. తప్పెక్కడుందో చెప్పక్కా అన్నాను.

కుట్టిందెవరు అంది. నేనే అన్నాను. అంతకుముందు అంది. పాప అన్నాను. మరి ఆ కుట్టేది అంది. విప్పేశాను, వంకరగా ఉంది అన్నాను.

అక్క కత్తెర కింద పెట్టింది. తప్పు కుట్టులో లేదు తమ్ముడూ, పిల్ల స్టిక్కర్ కరెక్ట్‌గానే అంటించింది, నీకే కనబడట్లేదు అంది. మళ్ళీ తన చొక్కాల్లో పడిపోయింది.

మధ్యాహ్నం నుంచి నేను చూసిన చొక్కాలు ఏమిటో నాకే తెలియదు.

పిల్ల వాళ్ళ అమ్మ గుర్తొచ్చింది. ఆమె మడిచిన దుప్పట్లు నేను మళ్ళీ మడిచేవాణ్ణి. ఆమె కడిగిన గ్లాసులు మళ్ళీ కడిగేవాణ్ణి. అదీ ఆమె ముందే. వెళ్ళిపోయే రోజు అరవలేదు, ఏడవలేదు. పదేళ్ళలో ఈ ఇంట్లో నేను చేసిన పని ఒక్కటైనా నేను చేసినట్టు మిగిలిందా అని అడిగింది. గ్లాసులు కడిగితే కూడా విడాకులిస్తారండీ అని నేను ఊరంతా వెటకారం చేసుకుంటూ తిరిగాను. తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

ఫిబ్రవరి 17, శనివారం

రాలేదు. జలుబట.

ఫిబ్రవరి 24, శనివారం

రాలేదు. స్కూల్ ప్రాజెక్టట.

బ్రెడ్ ప్యాకెట్లు రెండు తెచ్చాను. ఒకటి బూజు పట్టింది.

ఫిబ్రవరి 25, ఆదివారం

పొద్దున్నే జేబు విప్పేశాను. తన కుట్టు మళ్ళీ వేద్దామని కూర్చున్నాను. కుడి చేత్తో ఎంత వంకరగా వేద్దామన్నా వంకర కూడా వరసగా వస్తోంది. ఇరవై ఏళ్ళ అలవాటు. ఎడమ చేతికి మార్చాను. అప్పుడు నిజంగానే వంకరగా వచ్చింది, కానీ అది నా వంకర. తనది కాదు. దాన్నీ విప్పేశాను. ఇంతింత కుట్టు ఎక్కడ వేసిందో, చీమ తలకాయ కుట్టు ఎక్కడ వేసిందో ఒక్కటీ గుర్తు లేదు. రెండు గంటలు పక్కన కూర్చుని నేను చూసింది తప్పుల్నే, కుట్టుని కాదు.

చీపురు తీసుకుని మంచం కింద, బీరువా కింద వెతికాను, ఒక్క దారం ముక్కైనా దొరుకుతుందేమోనని. నా ఇల్లు కదా, దుమ్ము కూడా లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. నేల మీద కూర్చుని ఏడ్చాను. ఎవరూ చూడలేదు కాబట్టి రాస్తున్నాను.

మార్చి 1, శుక్రవారం

ఆమె ఫోన్ చేసింది. ట్రాన్స్‌ఫర్ అయిందట. వేరే ఊరు, రైల్లో ఏడు గంటలు. పిల్లని నెలకోసారి, మొదటి శనివారం తనే తీసుకొస్తానంది. ఆమె మంచిదే, ఆ మాట ఎప్పుడూ కాదనలేదు. కానీ పిల్లని అడిగితే అక్కర్లేదు అందట. ఎందుకో నాకు తెలియదు, మీకేమైనా తెలుసా అని అడిగింది.

తెలుసు అన్నాను. చెప్పాను. వెళ్ళేముందు ఒకసారి పంపిస్తాను అంది. ఇన్నేళ్ళ మాటలు తిరిగి అప్పజెప్పే అవకాశం దొరికినా ఒక్క మాట అనలేదు.

మార్చి 10, ఆదివారం, ఉదయం 8

ఈరోజే వస్తోంది. ఒక్క పూటకి. ప్రోగ్రాం ఏమీ వేయలేదు. రిహార్సల్ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియట్లేదు.

మార్చి 10, సాయంత్రం

వచ్చింది. జేబు విప్పేసిన ఆప్రాన్ చూపించి చెప్పాను. నీ కుట్టు తీసేశాను, తప్పు నాదే, మళ్ళీ తేలేకపోయాను అన్నాను. పర్లేదు నాన్నా అంది. బస్సులో కాలు తొక్కిన మనిషితో అన్నట్టు అంది. తిట్టినా బాగుండేది.

మళ్ళీ కుడతావా అని సూది ఇవ్వబోయాను. నువ్వే బాగా కుడతావు కదా అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే నమ్మేసింది.

ఆకలేస్తోంది అంది. నువ్వే ఏదైనా చెయ్యి, నేను కుర్చీలోంచి లేవను అన్నాను. అనుమానంగా చూసింది. ఆమ్లెట్ వేసింది. గుడ్డు పెంకు పడింది, తిప్పబోతే మూడు ముక్కలైంది, ఒక పక్క మాడింది. కుర్చీని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. ప్లేటు నా ముందు పెట్టి నా మొహమే చూస్తూ నిలబడింది. పెంకుతో సహా తిన్నాను. మాడింది కదా అంది. మాడింది, బాగుంది అన్నాను. మొదటిసారి ఉన్నమాట చెప్పాను. కొంచెం నవ్వింది. కొంచెమే.

తర్వాత తనే గ్లాసులో నీళ్ళు తాగి, సబ్బు పెట్టి, ఒక్కసారి కుళాయి కింద తిప్పి సింకు పక్కన బోర్లించింది. అడుగున నురగ అలాగే ఉంది. నావైపు చూసింది. నేను కదల్లేదు.

గేటు దగ్గర, నెలకోసారి వస్తావా అని అడిగాను. చూద్దాం అంది. తొమ్మిదేళ్ళ పిల్ల చూద్దాం అంటే ఇంకేం అడుగుతాం. కారు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాను. తను ఊపిందో లేదో, అద్దం మీద ఎండ పడి కనబడలేదు.

ఏప్రిల్ 6, శనివారం

రాలేదు. వచ్చే నెల చూద్దాం అందట.

సింకు పక్కన గ్లాసు అలాగే ఉంది. అడుగున సబ్బు తెల్లగా చార కట్టింది. పొద్దున అందులోనే నీళ్ళు పట్టుకుని తాగాను. సబ్బు రుచి. సగం చార పోయింది.

మిగతా సగం వచ్చే నెలకి ఉంచాను.